శ్రవణ యోగ్యతా పత్రం

మాది పడవ రేవుల శాఖ. గోదావరి మీద వంతెనలు లేని కాలంలో మా వాళ్ళకి తల తిప్పుకోలేనంత పని ఉండేదట. నేను ఉద్యోగంలో చేరేనాటికి వంతెనలు వచ్చాయి. సూపరింటెండెంటు అయ్యేసరికి పడవలు పోయాయి. శాఖ మాత్రం నిలిచింది. రాజమండ్రి కార్యాలయంలో నలభై మందిమి పొద్దున్న పదింటికి వచ్చి, నది ఇంకా అక్కడే ఉందని కిటికీలోంచి నిర్ధారించుకుని పనిలో పడేవాళ్ళం. మాకు పని ఎందుకు లేదని పైవాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబులు రాయడమే మా పని.

అలాంటి శాఖకి కమిషనరుగా సర్వోత్తమ్ గారు వచ్చారు. ఆయనకి సంగీతం పిచ్చి అని అందరూ అన్నారు. అది నిజం కాదు. ఆయన పిచ్చి సంగీతం వినిపించే యంత్రాల మీద. మొదటి సమావేశంలోనే బల్ల మీద రెండు చేతులూ ఆనించి ఇలా సెలవిచ్చారు:

"ఉద్యోగి ఇంట్లో ధ్వని నాణ్యత పెరిగితే ఆఫీసులో రాసే నోటు నాణ్యత పెరుగుతుంది. ఇది నా సుదీర్ఘ పరిపాలనానుభవ సారం. మీలో ఇంట్లో కంప్యూటర్ ద్వారా ఉన్నత ప్రమాణాలతో సంగీతం వినేవారెవరు?"

నేను చెయ్యెత్తాను.

ఎందుకెత్తానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ వారంలోనే పదోన్నతుల జాబితా తయారవుతోందన్న సంగతి కొంత పనిచేసి ఉంటుంది. నిజానికి నా సంగీత శ్రవణం అంటే, ఆదివారం గడ్డం గీసుకునేటప్పుడు సెల్‌ఫోన్‌ని స్టీలు గ్లాసులో పెట్టి పాత పాటలు వినడం. గ్లాసులో పెడితే కాస్త గట్టిగా వినిపిస్తుంది.

"భేష్ వీరభద్రం గారూ!" అన్నారు కమిషనరు. "మీరే కన్వీనరు."

అలా 'ఇంటింటా ఉత్తమ శ్రవణం' పథకం పుట్టింది. ఉద్యోగుల ఇళ్ళల్లో సంగీతం వినడానికి ఎలాంటి కంప్యూటర్ ఉండాలో మా కమిటీ తేల్చాలి. తేల్చాక అందరికీ అదే వస్తుంది. ఉత్తర్వు చిత్తు రాసే బాధ్యత నాదే కాబట్టి, ఉత్సాహం ఆపుకోలేక ఒక వాక్యం అదనంగా చేర్చాను: "ప్రమాణము ఖరారగు వరకు ఉద్యోగులు గాని, వారి కుటుంబ సభ్యులు గాని ఇట్టి యంత్రములను సొంతముగా సమకూర్చుకొనరాదు." కమిషనరు గారు ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి 'అద్భుతం' అని రాశారు. ఆ కాగితం చాలా రోజులు చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను.

మా ఆవిడ హైమవతి ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా చేసింది. రెండేళ్ళ కిందట కుడి చెవి పూర్తిగా పోయింది. ఈ మధ్య ఎడమ చెవి కూడా మొరాయించడం మొదలుపెట్టింది. క్లాసులో పిల్ల అపస్వరం పాడితే తెలియడం లేదని తనే ముందుగా ఉద్యోగం మానేసింది. వేసవిలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన మెత్తగానే చెప్పాడు: "ఎడమ చెవి ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేనమ్మా. వినాలనుకున్నవి ఉంటే ఇప్పుడే వినెయ్యండి."

వినాలనుకున్నవి ఉన్నాయి. ఆవిడ గురువుగారు రాజ్యలక్ష్మమ్మ గారి పాఠాలు, పాత క్యాసెట్లు, ఒక ట్రంకుపెట్టె నిండా. దేవీ చౌక్ దగ్గర రేడియోలూ టీవీలూ బాగుచేసే మదార్ షాపులో కూర్చుని, వేసవి అంతా ఆ క్యాసెట్లన్నీ కంప్యూటర్ డిస్కులోకి ఎక్కించుకుంది. నేను ఆఫీసులో ఉండగా జరిగిన పని అది. మిగిలింది వాటిని ఇంట్లో బాగా వినడానికి ఒక యంత్రం.

నేను కన్వీనరు అయిన వారానికి మదార్ ఇంటికొచ్చాడు. "పెద్ద లెక్కేం లేదండి. ఫ్యాను లేని బుల్లి పెట్టె కంప్యూటరొకటి. దానికీ స్పీకర్లకీ మజ్జిన, అంకెల్ని శబ్దం చేసే డబ్బా ఒకటి ఉంటాదండి. అది కాస్త మంచిదైతే చాలు. మేడంగారి ఎడం చెవి పక్కన ఓ స్పీకరు దగ్గరగా పెట్టుకుందాం. శనివారం పొద్దున్న మొదలెడితే భోజనాలేళకి పాట పాడేత్తాదండి" అన్నాడు.

హైమవతి నావైపు చూసింది. నేను గొంతు సవరించుకున్నాను.

"ఇప్పుడు వీలుపడదు హైమా. ఉత్తర్వుంది."

"ఏం ఉత్తర్వండీ?"

చెప్పాను. ఆవిడ శ్రద్ధగా ఎడమ చెవి ఇటు తిప్పి విన్నది. "ఆ ముక్క రాసింది మీరేగా?" అంది.

"అందుకే మరీ జాగ్రత్తగా పాటించాలి. కన్వీనరు ఇంట్లోనే ముందు యంత్రం వచ్చిందనుకో, నలుగురూ ఏమనుకుంటారు? నెలలో తేల్చేస్తాం. ప్రమాణబద్ధమైనదే వస్తుంది నీకు."

"నెలేగా" అంది ఆవిడ. మదార్ టీ తాగి వెళ్ళిపోయాడు. అది జూన్ నెల.

కమిటీ మొదటి సమావేశం జూలైలో జరిగింది. నాతోపాటు ఇద్దరు సభ్యులు. కంప్యూటర్ విభాగం ఇన్‌ఛార్జి ప్రిసిల్లా గారు ఒకరు. నిపుణుడి హోదాలో రిటైరైన ఫిజిక్సు లెక్చరరు యజ్ఞనారాయణ గారు మరొకరు. కమిషనరు గారు అధ్యక్షులు. ప్రిసిల్లా గారు మొదటే ఒక ప్రశ్న లేవనెత్తారు.

"పాటలు పాడే కంప్యూటర్, కంప్యూటరా? వాద్యమా? వాద్యమైతే నాకు సంబంధం లేదు. కంప్యూటర్ అయితే శాఖ భద్రతా నియమాలన్నీ వర్తిస్తాయి."

మూడు సమావేశాలు ఈ ప్రశ్న మీదే నడిచాయి. వాద్యమైతే విజయదశమికి పూజ చెయ్యాలి, ఆ పూజకి ప్రత్యేక అనుమతి కావాలి. కాబట్టి చివరికి కంప్యూటరేనని తీర్మానించాం. ప్రిసిల్లా గారు తృప్తిగా నియమాలు చదివారు. అందులో పదమూడోది, ఎవరూ మీట నొక్కకుండా పదిహేను నిమిషాలు గడిస్తే యంత్రం దానంతటదే తాళం వేసుకోవాలి.

"పెద్ద పెద్ద రాగాలు గంటసేపు పాడతారు మేడం. మధ్యలో ఆగిపోతే ఎలా?" అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్నా నేను వేసిన తెలివైన ప్రశ్న అని ఇప్పటికీ అనుకుంటాను.

"పాస్‌వర్డ్ కొట్టి ఆలాపన కొనసాగించుకోవచ్చు" అన్నారు ప్రిసిల్లా గారు. "పాస్‌వర్డ్ మాత్రం ప్రతి నెలా మార్చాలి."

"శ్రోత నిద్రపోకుండా కూడా ఉంటాడు. ద్వంద్వ ప్రయోజనం" అన్నారు కమిషనరు. నేను రాసుకున్నాను.

ఆగస్టులో యజ్ఞనారాయణ గారి వంతు వచ్చింది. ఆయన పెద్ద కంప్యూటర్ ఒకటి తెప్పించి, ఆన్ చేయించి, కళ్ళు మూసుకుని చెయ్యి పైకెత్తారు. "విన్నారా? ఫ్యాను! ఈ గరగర సంగీతంలో కలిస్తే అది సంగీతమే కాదు."

ఫ్యాను లేని బుల్లి పెట్టెలు ఉంటాయట కదా అని మదార్ చెప్పిన సంగతి ఎత్తాను. "ఎవరు చెప్పారు?" అని ఆయన అడిగారు. రేడియో మెకానిక్కు అని చెప్పడానికి మొహమాటపడి, ఎక్కడో చదివానన్నాను. ఆధారం లేని సమాచారం కింద దాన్ని పక్కన పెట్టారు.

అందుచేత కంప్యూటర్ని పక్క గదిలో పెట్టాలని నిర్ణయించాం. పక్క గదిలో పెడితే వైరు పొడవవుతుంది. పొడవాటి వైరులో నాణ్యత జారిపోతుందని యజ్ఞనారాయణ గారు బోర్డు మీద సూత్రం రాసి చూపించారు. కాబట్టి స్పీకర్లని కూడా పక్క గదిలోకే, కంప్యూటర్ పక్కకే మార్చాం. అప్పుడు స్పీకర్ల మోత పక్కింటివాళ్ళకి ఇబ్బంది అని వాటి గది తలుపు మూయించాం. ఇక శ్రోత గదిలో శ్రోత ఒక్కడే మిగిలాడు.

ముగ్గురమూ ఆ గదిలో అరగంట కూర్చున్నాం. ఏమీ వినిపించలేదు.

"నేపథ్య శబ్దం శూన్యం!" అన్నారు యజ్ఞనారాయణ గారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "నా జీవితంలో ఇంత శుభ్రమైన నిశ్శబ్దం వినలేదు."

'నేపథ్య నాణ్యత అత్యుత్తమం' అని మినిట్సులో రాశాను. నా చేతిరాత బాగుందని కమిషనరు గారు మెచ్చుకున్నారు.

ఈలోగా ఇంట్లో కాలింగ్ బెల్ రెండుసార్లు కొట్టాల్సి వస్తోంది. బెల్లులో ఏదో లోపం ఉందనుకుని దాన్ని మార్పించాను. కొత్త బెల్లు మూడుసార్లు కొట్టాల్సి వచ్చింది. వస్తువుల నాణ్యత రోజురోజుకీ దిగజారుతోందని హైమవతితో అంటే, "అవునండీ" అని ఊరుకుంది.

"ఇంకెన్నాళ్ళండీ?" అని మాత్రం నెలకోసారి అడిగేది.

"చివరి దశలో ఉంది" అని చెప్పేవాణ్ణి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆఫీసుకొచ్చే వాళ్ళందరికీ చెప్పే మాటే అది. నోటికి అలవాటైపోయింది.

దసరా వెళ్ళాక శ్రవణ పరీక్ష పెట్టాం. సమావేశ మందిరంలో తెర కట్టి వెనకాల మూడు యంత్రాలు ఉంచాం. మొదటిది ఆఫీసు కంప్యూటర్. రెండోది మామూలు ల్యాప్‌టాప్. మూడోది కమిషనరు గారు తమ ఇంటి నుంచి స్వయంగా మోయించుకొచ్చిన నల్లటి పెట్టె. దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. తెర వెనక వైర్లు కలపడానికి మదార్ని పిలిపించాం. బయటి శ్రోత ఒకరు ఉండాలన్నారు కమిషనరు. సంగీతం తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉందని గర్వంగా చెప్పి హైమవతిని తీసుకెళ్ళాను.

ఒకే వీణ ముక్కని మూడు యంత్రాల మీదా వినిపించారు. తరువాత ఎవరి అభిప్రాయం వారు కాగితం మీద రాయాలి. కమిషనరు గారు 'మూడవ యంత్రమందు కళాకారుని అంతరంగము గోచరించినది' అని రాశారు. యజ్ఞనారాయణ గారు మూడోదానికి గ్రాఫు గీశారు. నేను మూడోదాని మీదే రెండు పేజీలు రాశాను. అందులో ఒక వాక్యం నాకు బాగా గుర్తుంది: 'తంతికిని వేలికిని నడుమనున్న గాలి సైతము స్పష్టముగా వినబడినది.'

హైమవతి కాగితం మీద ఒకటే ముక్క ఉంది. 'రెండూ, మూడూ ఒకటే.'

కమిషనరు గారు చిన్నగా నవ్వారు. "అమ్మా, మూడోది నా యంత్రం. దాని స్థాయి వేరు."

"కావచ్చండీ. నాకు మాత్రం రెండోదే మళ్ళీ వినిపించింది" అంది హైమవతి.

తెర వెనక నుంచి మదార్ దగ్గాడు. "తమరు కోప్పడకూడదండి. ఆ నల్ల పెట్టికీ మీ పదమూడో రూలు పెట్టించారు కదండి, పదిహేను నిమిషాలు దాటిపోయి తాళం పడిపోయిందండి. పాస్‌వర్డు అడుగుతాంది. తమరేమో కళ్ళు మూసుకుని మాంచి తన్మయంలో ఉన్నారు. లేపడం దేనికని, రెండోదాన్నే మళ్ళీ పెట్టేశానండి."

మందిరంలో మళ్ళీ ఆ శుభ్రమైన నిశ్శబ్దం ఏర్పడింది. నేను నా రెండు పేజీల మీద చెయ్యి కప్పుకున్నాను.

వేరే శాఖలో అయితే పథకం అక్కడితో ముగిసేది. సర్వోత్తమ్ గారు తేరుకోవడానికి ఒక్క నిమిషం పట్టింది.

"ఈ పరీక్ష మనకొక అమూల్యమైన విషయం తెలియజేసింది" అన్నారు. "లోపం యంత్రాల్లో లేదు, శ్రోతల్లో ఉంది. వినేవారి స్థాయి నిర్ధారించకుండా యంత్రం స్థాయి నిర్ధారించడం అశాస్త్రీయం. ముందుగా చెవుల్ని ధ్రువీకరించాలి."

అలా వచ్చింది శ్రవణ యోగ్యతా పత్రం. ఉద్యోగీ, కుటుంబ సభ్యులూ అందరూ చెవుల పరీక్ష చేయించుకుని నివేదికలు పంపాలి. యోగ్యత ఉన్న ఇంటికే యంత్రం. "స్టీరియో అనగా రెండు" అని యజ్ఞనారాయణ గారు వివరించారు. "రెండు చెవుల్లో ఒకటి పనిచేయని వ్యక్తి స్టీరియోని సగమే వినియోగించుకుంటాడు. మిగతా సగం గోడలకి పోతుంది."

నేను తలూపాను. చూస్తే వాదన సరిగ్గానే ఉందనిపించింది. అనర్హులకి పంపే ఉత్తరం నమూనా నేనే తయారుచేశాను. నవంబరులో ఒక రోజు ప్యూను అరవై ఉత్తరాలు తెచ్చి ముందు పెట్టాడు. ఒక చేత్తో టీ తాగుతూ రెండో చేత్తో అరవై సంతకాలూ చేసేశాను. చదివి సంతకం పెట్టే అలవాటు నాకు చిన్న గుమాస్తాగా ఉన్నప్పుడే పోయింది.

నాలుగో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి టీపాయి మీద మా శాఖ కవరు ఒకటి విప్పి ఉంది.

'శ్రీమతి ముక్కామల హైమవతి గారికి. తమరు సమర్పించిన నివేదికను పరిశీలించిన మీదట, తమ చెవులు ఉత్తమ శ్రవణమునకు అనర్హమైనవిగా తేలినందున, తమ గృహమునకు యంత్రము మంజూరు చేయుటకు వీలుపడదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. శ్రవణ పరీక్షలో తమరు వ్రాసిన అభిప్రాయము సైతము రద్దు చేయడమైనది.' కింద నా సంతకం.

హైమవతి వంటింట్లోంచి టీ తెచ్చింది. నేను కవరు తిరగేసి బోర్లేసి చూస్తున్నాను.

"ఈసారి సంతకం బాగా కుదిరిందండీ" అంది. "చివర సున్నా గుండ్రంగా వచ్చింది."

"హైమా, అది... అరవై ఉన్నాయి. చూడలేదు నేను. ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు."

"ఎవరికి?"

"నాకే."

ఆవిడ నన్ను కాసేపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. దారి తప్పి మా వీధిలోకొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. తరువాత టీ నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఆ ఉత్తరం ఎలా రద్దు చెయ్యాలా అని నిబంధనలు తిరగేశాను. నాకు నేనుగా రద్దు చెయ్యడానికి దారి లేకుండా ఎంత పకడ్బందీగా రాశానో నాకప్పుడే అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వీధిలోకే పాట వినిపిస్తోంది. తలుపు తీసే ఉంది. ముందు గదిలో మదార్ నేల మీద కూర్చుని వైరు మీద టేపు చుడుతున్నాడు. కిటికీ దగ్గర టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి, దాని పక్కన ఇంకో చిన్న డబ్బా. హైమవతి కుర్చీలో పక్కకి తిరిగి, ఎడమ చెవి స్పీకరుకి ఆనించినంత దగ్గరగా పెట్టి కూర్చుంది. కళ్ళు మూసుకుని ఉంది. చేతి వేళ్ళు తాళం వేస్తున్నాయి.

నాకు ముందుగా తోచింది ఏమిటంటే, ఇది ఉత్తర్వు ఉల్లంఘన అని. దాచుకోవడం దేనికి, నిజంగా అదే తోచింది. "దీని మోడల్ నంబరేమిటి మదార్?" అన్నాను.

హైమవతి కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి నన్ను ఆపింది. నేను ఉన్నచోటే కూర్చున్నాను.

ముసలావిడ గొంతు ఒకటి కల్యాణి రాగంలో ఒక పంక్తి పాడుతోంది. రాజ్యలక్ష్మమ్మ గారై ఉంటారు. ఆవిడ ఆపగానే ఓ ఆడపిల్ల అదే పంక్తి అందుకుంటోంది. ముసలావిడ "ఊహూ, గాంధారం దగ్గర తొందరెందుకే" అని కసురుతోంది. ఆ పిల్ల నవ్వేసి మళ్ళీ పాడింది. రెండోసారి పాడినప్పుడు, నాకు సంగీతం తెలియకపోయినా, వెన్ను నిటారుగా అయిపోయింది. పొద్దుటి నీళ్ళలా ఉంది ఆ గొంతు. నాలుగు నెలలు కమిటీలో కూర్చుని వినిపించాయని రాసినవేవీ నాకు వినిపించలేదు. ఇది వినిపించింది.

"ఆ పిల్లెవరో గానీ ఎంత బాగా పాడుతోందో" అన్నాను, ఉండబట్టలేక. "ఎవరు హైమా? మీ బడిలో పిల్లా?"

హైమవతి కళ్ళు తెరిచింది. మదార్ చేతిలో టేపు ఆగిపోయింది. తల వంచుకునే, మెల్లగా అన్నాడు: "మేడంగారేనండి."

పాట సాగుతూనే ఉంది. ఇరవై ఏడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. నేను ఆవిడ చెవులు అనర్హమని సంతకం పెట్టిన మనిషిని.

"నాకు తెలియలేదు" అన్నాను.

"మీకెలా తెలుస్తుంది లెండి" అంది హైమవతి. ఆ మాటలో నిష్ఠూరం లేదు, అదే నాకు కష్టమైంది. "మీరు ఆఫీసు నుంచి వచ్చే వేళకి నా సాధన అయిపోయేది. పెళ్ళైన కొత్తలో ఒకసారి పాడబోతే, తలనొప్పిగా ఉందన్నారు. తరువాత మీరూ అడగలేదు, నేనూ పాడలేదు."

మదార్ సామాను సర్దుకుని లేచాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "మోడల్ నంబరు పెట్టి అడుగున ఉంటాదండి. మీ రిపోర్టుకి కావాలంటే" అన్నాడు. వెక్కిరించాడో, నిజంగానే చెప్పాడో తెలియలేదు. రెండింటికీ నేను తగినవాణ్ణే.

సోమవారం ఆఫీసుకి వెళ్ళి కమిషనరు గారికి ఒక లేఖ రాశాను. మూడు దశాబ్దాల ఉద్యోగంలో నేను చదువుకుని సంతకం పెట్టిన మొదటి కాగితం అదేనేమో. 'నేను విధించిన నిషేధమును నా ఇంటనే ఉల్లంఘించడమైనది. శ్రవణ పరీక్షలో మ్రోగని యంత్రమును విన్నట్లు రెండు పేజీలు వ్రాసితిని. ఇంటిలోని మనిషి గొంతును పోల్చుకొనలేకపోతిని. కాబట్టి నా రెండు చెవులూ ఉత్తమ శ్రవణమునకు పూర్తిగా అనర్హమైనవని స్వయముగా ధ్రువీకరించుచున్నాను. నన్ను కన్వీనరు పదవి నుండి తొలగించి, ఒక చెవితో నిజము చెప్పిన నా భార్యకు పంపిన ఉత్తరమును రద్దు చేయవలసినదిగా ప్రార్థన.'

శాఖాపరమైన చర్య ఉంటుందని మానసికంగా సిద్ధమయ్యాను. గోదావరి అవతలి రేవుకి బదిలీ చేస్తారనుకున్నాను. అక్కడ రేవు కూడా లేదు. మూడో రోజు జవాబు వచ్చింది. దాన్ని మడిచి ఇంటికి తీసుకెళ్ళాను.

హైమవతి కిటికీ దగ్గర యంత్రం ఆపి, పప్పులో రాళ్ళేరుతోంది. అలవాటుగా ఆవిడకి కుడివైపు కూర్చోబోయి, ఆగి, కుర్చీని ఎడమవైపుకి లాక్కున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాను:

'కన్వీనరు గారి లేఖ పరిశీలించడమైనది. శ్రవణ కమిటీ కన్వీనరుకు వినికిడి తప్పనిసరి అని నిబంధనలలో ఎచ్చటనూ పేర్కొనలేదు. ఇంతకాలము వినికిడి లేకయే వారు కమిటీని సమర్థవంతముగా నిర్వహించినందున, అదే తీరున కొనసాగవలసినదిగా ఆదేశించడమైనది. తుది నివేదికకు మరి ఆరు మాసముల గడువు మంజూరు.'

హైమవతి చేట పక్కన పెట్టింది. మొహం ఇటు తిప్పి, చెవి నా నోటికి దగ్గరగా తెచ్చింది.

"సగమే వినిపించిందండీ. ఇంకోసారి చదవండి, గట్టిగా."

గట్టిగా చదివాను. 'వినికిడి లేకయే' దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి నవ్వు ఆగలేదు. పక్కవాటాలో వాళ్ళు ఏమైందోనని తొంగి చూశారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదవమంది. ఈసారి ఇంకాస్త గట్టిగా చదివాను.